పాత మ్యాక్సా, కొత్త మ్యాక్సా: ‘గెట్ స్మార్ట్’ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో పాత టీవీ షోల్లోంచి పుట్టిన హాలీవుడ్ సినిమాల గురించి రాస్తూ 2008లో వచ్చిన ‘గెట్ స్మార్ట్’ని రెండు వాక్యాల్లో తేల్చేశాం. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు మిగతా ఏ సినిమా మీదా రాలేదు. సినిమా బాగుందని కొందరు, అసలు షోని పాడుచేశారని కొందరు, మన రెజ్లర్ ఖలీ ఉన్నాడనే చూశామని ఇంకొందరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. కథలో మలుపులు కూడా మాట్లాడుకుంటాం కాబట్టి సినిమా చూడనివాళ్ళు చూసొచ్చి చదివితే మంచిది.

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు: నేను సినిమా ఒక్కటే చూశాను, హాయిగా నవ్వుకున్నాను. చాలా ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్న మా బాబాయి మాత్రం "షో చూడనివాళ్ళకే అది నచ్చుతుందమ్మా" అని కొట్టిపారేశారు. అంత గొప్ప షోనా అది?

గొప్ప షోయేనండీ, మీ బాబాయిగారితో నేను ఆ మాట వరకు ఏకీభవిస్తాను. 1965 సెప్టెంబర్ 18న ఎన్‌బీసీలో మొదలైంది. అప్పటికి జేమ్స్ బాండ్ పిచ్చి లోకాన్ని ఊపేస్తోంది, ఇంకోపక్క పీటర్ సెల్లర్స్ వేసిన ఇన్‌స్పెక్టర్ క్లూసోని చూసి జనం పడీపడీ నవ్వుతున్నారు. ఈ రెండిటినీ కలిపి ఏదైనా చెయ్యండి అని డేనియల్ మెల్నిక్ అనే నిర్మాత అడిగితే మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ కలిసి రాశారు. ముందు ఏబీసీ చానల్ దగ్గరికి వెళ్తే, ఇది మన దేశాన్ని కించపరిచేలా ఉందని వాళ్ళు వద్దన్నారు. ఆ రోజుల్లో రష్యాతో ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తోంది, గూఢచారి సంస్థలంటే జనానికి భయమూ గౌరవమూ రెండూ ఉన్నాయి, అలాంటప్పుడు ప్రభుత్వ రహస్య సంస్థలో ఒక మూర్ఖుణ్ణి హీరోగా పెట్టి నవ్వించడమంటే మాటలు కాదు. అందుకే నాకు ఆ షో అంటే అంత ఇష్టం.

కథ సులువే. కంట్రోల్ అనేది వాషింగ్టన్‌లోని రహస్య సంస్థ, కేయాస్ అనేది దాని శత్రువు. కంట్రోల్‌లో ఏజెంట్ 86 మ్యాక్స్‌వెల్ స్మార్ట్‌గా డాన్ ఆడమ్స్, ఏజెంట్ 99గా బార్బరా ఫెల్డన్, వీళ్ళిద్దరినీ భరించే చీఫ్‌గా ఎడ్వర్డ్ ప్లాట్. అయిదు సీజన్లు, 138 ఎపిసోడ్లు. చివరి సీజన్ సీబీఎస్‌కి మారి 1970లో ఆగిపోయింది. డాన్ ఆడమ్స్‌కి వరసగా మూడేళ్ళు టీవీ వాళ్ళకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది, షోకి కూడా ఉత్తమ కామెడీగా రెండుసార్లు వచ్చింది. తర్వాత ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ వేస్తూనే ఉన్నారు, 90ల్లో నిక్ ఎట్ నైట్ చానల్లో రాత్రిళ్ళు వచ్చేది, మీ బాబాయిగారు బహుశా అక్కడే చూసుంటారు. మీరు నవ్వుకున్న నవ్వు మాత్రం మీది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు: నేను షో మొత్తం డీవీడీల్లో చూసినవాణ్ణి. సినిమాలో మ్యాక్స్‌ని తెలివైనవాణ్ణి చేసిపడేశారు. పాత మ్యాక్స్‌కి ఏమీ రాదు, కానీ అన్నీ వచ్చనుకుంటాడు, నవ్వంతా అక్కడే కదా ఉంది? ఇంత పెద్ద దర్శకుడికి ఈ చిన్న విషయం తెలియలేదా?

ఈ ఉత్తరం కోసమే ఈ శీర్షిక రాస్తున్నాననుకోండి. అభిమానుల గొడవలన్నీ చివరికి వచ్చి ఆగేది ఇక్కడే.

మొట్టమొదటి ఎపిసోడ్‌లో ఒక సీన్ గుర్తుచేసుకుందాం, చూడనివాళ్ళ కోసం కూడా. మ్యాక్స్ శత్రువుల పడవలో చిక్కుకుపోయాడు. ఎదురుగా విలన్. మ్యాక్స్ ఏమాత్రం తొణక్కుండా, ఈ క్షణంలో ఏడు కోస్ట్‌గార్డ్ నౌకలు ఈ పడవని చుట్టుముడుతున్నాయి, నమ్ముతావా అంటాడు. నమ్మడం కష్టంగానే ఉందంటాడు విలన్. మ్యాక్స్ ఒక్క క్షణం ఆలోచించి, పోనీ ఆరు? అంటాడు. ఉహూఁ. పోనీ, తెడ్ల పడవలో ఇద్దరు పోలీసులు? డాన్ ఆడమ్స్ గొప్పతనం ఏంటంటే ఏడు నౌకలు అన్నప్పుడు మొహంలో ఎంత ధీమా ఉందో ఇద్దరు పోలీసుల దగ్గరికి వచ్చేసరికి కూడా అంతే ఉంటుంది. అబద్ధం దొరికిపోయిందన్న సిగ్గు లేదు, భయం లేదు, బేరం కుదరలేదంతే. ఆ మనిషికి తనమీద తనకున్న నమ్మకాన్ని లోకంలో ఏదీ కదిలించలేదు, మనం నవ్వేది దాన్ని చూసి.

సినిమాలో స్టీవ్ కారెల్ వేసిన మ్యాక్స్ అసలు ఏజెంటే కాదు మొదట్లో. శత్రువుల మాటలు రహస్యంగా విని, విశ్లేషించి, లావుపాటి రిపోర్టులు రాసే ఉద్యోగి. ఆ రిపోర్టులు ఎవరూ చదవరు. ఒకప్పుడు బాగా లావుగా ఉండి కష్టపడి తగ్గాడు. ఏజెంట్ పరీక్ష పాసయ్యాడు, అయినా చీఫ్ ప్రమోషన్ ఇవ్వడు, ఎందుకంటే నీ అంత బాగా ఆ రిపోర్టులు రాసేవాడు ఇంకెవడూ లేడు అంటాడు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు. తర్వాత కంట్రోల్ ఆఫీసు మీద దాడి జరిగి, ఏజెంట్ల వివరాలన్నీ శత్రువుల చేతిలో పడ్డాకే, ఎవరికీ మొహం తెలియని మనిషి కావాల్సొచ్చి మ్యాక్స్‌కి 86 నంబర్ ఇస్తారు.

ఇప్పుడు అదే ‘నమ్ముతారా’ జోకు సినిమాలోనూ ఉంది, కేయాస్ విలన్ సీగ్‌ఫ్రీడ్ ముందు చెప్తాడు, చివరికి బేరం ఎయిర్‌గన్ పట్టుకున్న యాక్షన్ హీరో చక్ నారిస్ దాకా దిగుతుంది. నవ్వొస్తుంది. కానీ ఈ మ్యాక్స్ బుర్ర ఉన్నవాడని మనకి అప్పటికే తెలుసు కాబట్టి, ఏదో టైమ్ కోసం సాగదీస్తున్నాడులే అనిపిస్తుంది. పాత మ్యాక్స్ ఎదుటివాడు నమ్మి తీరతాడనే అనుకుంటాడు. జోకు ఒకటే, మనిషి మారాడు. మీ కోపం దీని మీదే అయితే ఆ కోపం న్యాయమైందే, నేను మీ పక్కనే నిలబడతాను.

అయితే దర్శకుడు పీటర్ సీగల్‌కి తెలియక చేశాడంటే మాత్రం ఒప్పుకోను. అరగంట షోలో మనిషి మారక్కర్లేదు, వచ్చే వారం మళ్ళీ అదే మూర్ఖుడిగా వస్తాడు, మనకీ అదే కావాలి. రెండు గంటల సినిమాలో మనిషికి ఏదో ఒక కోరిక ఉండాలి, అది తీరుతుందా లేదా అని మనం కాసుకు కూర్చోవాలి. ఆ కోరికని చాలా బాగా పట్టుకున్నారు. అసలు పొరపాటు ఇంకోచోట జరిగిందని నా అభిప్రాయం. షోలో మ్యాక్స్ ఒక్కడే కాదు, కంట్రోల్ సంస్థ మొత్తం పిచ్చిదే, దాని పరికరాలు పనిచెయ్యవు, దాని రూల్స్‌కి అర్థం ఉండదు. సినిమాలోనూ చీఫ్ ఏకంగా ఉపాధ్యక్షుడి మీదికి దూకే సీన్ లాంటివి ఉన్నాయి, అక్కడక్కడా పాత వాసన తగులుతుంది, కానీ రెండో సగంలో కార్లూ రైళ్ళూ పేలుళ్ళూ వచ్చి వాటిని పక్కకి నెట్టేశాయి. 1965లో ఏబీసీ వాళ్ళు భయపడింది దేనికో అది 2008 నాటికి పలచబడిపోయింది. నేను సినిమా మీద ఫిర్యాదు రాస్తే దాని మీదే రాస్తాను.

వరంగల్ నుంచి ఒక పాఠకుడు: స్టీవ్ కారెల్ డాన్ ఆడమ్స్ గొంతుని అనుకరించలేదని చాలామంది తప్పుపట్టారట. అనుకరించి ఉంటే బాగుండేదా?

బాగుండేది కాదు, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఆ గొంతు మీరు వినే ఉంటారు, ఇన్‌స్పెక్టర్ గాడ్జెట్ కార్టూన్‌లో గాడ్జెట్‌కి చెప్పింది డాన్ ఆడమ్సే. ముక్కుతో మాట్లాడినట్టు, ప్రతి మాటనీ తుంచితుంచి, గవర్నమెంట్ ఆర్డరు చదివినట్టు ఉంటుంది. అది కూడా ఆయన గాల్లోంచి పుట్టించింది కాదు, విలియం పావెల్ అనే పాత నటుణ్ణి మిమిక్రీ చేస్తూ చేస్తూ పెంచుకున్న గొంతు. ఇప్పుడు దాన్ని ఇంకొకరు మిమిక్రీ చేస్తే ఏమవుతుంది? మొదటి పది నిమిషాలు చప్పట్లు, తర్వాత ప్రతి డైలాగుకీ పోలిక. కారెల్ తన పద్ధతిలో వెళ్ళాడు. మర్యాదస్తుడు, నెమ్మదస్తుడు, లోపల పట్టుదల.

విమానం సీన్ చూడండి. చేతులకి ప్లాస్టిక్ సంకెళ్ళు పడ్డాయి. బాత్రూంలోకి వెళ్ళి, జేబుకత్తిలో దాచిన బుల్లి విల్లుతో బాణం వేసి ఆ సంకెళ్ళు తెంపాలని చూస్తాడు. బాణం గురి తప్పి ఆయనకే గుచ్చుకుంటుంది. మళ్ళీ వేస్తాడు, మళ్ళీ గుచ్చుకుంటుంది. నొప్పి, అరుపు ఆపుకోవడం, మళ్ళీ గురిచూడటం, ఇదంతా ఆ ఇరుకు బాత్రూంలో ఒక్కడే చేస్తాడు, మాట లేదు, పంచ్ లేదు. పాత షో అభిమానుల్లో కొందరికి ఈ సీన్ నచ్చలేదు, మా మ్యాక్స్‌కి నొప్పి తెలీదు అంటారు. నిజమే, తెలీదు. కారెల్ మ్యాక్స్‌కి తెలుసు. అందుకే ఆయన సొంత మ్యాక్స్ అయ్యాడు.

ఇంకో మాట. డాన్ ఆడమ్స్ ఉంటేనే గెట్ స్మార్ట్ అనేవాళ్ళు 1980లో వచ్చిన ‘ది న్యూడ్ బాంబ్’ సినిమా చూడండి. అందులో మ్యాక్స్ సాక్షాత్తూ డాన్ ఆడమ్సే. కానీ 99 లేదు. షోని ప్రేమించిన వాళ్ళకి ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపించింది. మ్యాక్స్ పక్కన ఆవిడ లేకపోతే ఆ గొంతు కూడా ఖాళీగానే మోగుతుంది. 1989లో టీవీ సినిమా తీసినప్పుడు ఆవిడని వెనక్కి తెచ్చారు, ప్రాణం లేచొచ్చింది. 1995లో ఫాక్స్ చానల్లో మళ్ళీ షో పెట్టి ఆడమ్స్‌ని చీఫ్ చేశారు, అదీ కొన్ని వారాలే నడిచింది. ఆయన 2005 సెప్టెంబర్‌లో పోయారు, కొత్త సినిమా చూడలేదు.

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు: నాకు 99 పాత్ర గురించి అడగాలనుంది. ఆన్ హాథవేకి, కారెల్‌కి ఇరవై ఏళ్ళ తేడా. హీరో వయసెంతైనా హీరోయిన్ మాత్రం పాతికేళ్ళకే ఉండాలా? అక్కడ కూడా ఇదేనా?

అక్కడా ఇదేనమ్మా. కారెల్ 1962లో పుడితే హాథవే 1982లో పుట్టింది. షోలో డాన్ ఆడమ్స్‌కీ బార్బరా ఫెల్డన్‌కీ పదేళ్ళ తేడా. సినిమా వాళ్ళకీ ఇది ఇబ్బందిగానే అనిపించినట్టుంది, అందుకే కథలో ఒక కారణం పెట్టారు: 99 ఎవరో శత్రువులకి తెలిసిపోవడంతో మొహానికి సర్జరీ చేయించుకుంది, దాంతో వయసు తగ్గినట్టు కనిపిస్తోంది అని. ఈ కారణం నన్ను ఒప్పించలేదు. పాత్ర నలభైకి దగ్గరపడిన సీనియర్ ఏజెంట్ అయితే ఆ వయసు నటినే పెట్టుకోవచ్చు కదా. మీలాగే అడిగినవాళ్ళు అక్కడా ఉన్నారు.

అయితే హాథవే పని తక్కువ చెయ్యలేదు. షోలో 99 తెలివైంది, మ్యాక్స్ కంటే చాలా ముందే విషయం పసిగడుతుంది, కానీ అతను చిన్నబుచ్చుకుంటాడని అది అతనికే తట్టినట్టు చేసి ఊరుకుంటుంది. 1965లో టీవీలో ఒక ఆడమనిషి అంత సమర్థురాలిగా కనిపించడమే కొత్త, పెళ్ళి కాకుండా ఉద్యోగం చేసుకుంటూ, మగవాడితో సమానంగా ప్రమాదంలోకి వెళ్ళడం. అందుకే ఆవిడంటే ఆ తరం ఆడవాళ్ళకి అంత అభిమానం. సినిమాలో 99 ఆ దాపరికం తీసేసింది. మొదటి రోజే మ్యాక్స్‌ని చూసి విసుక్కుంటుంది, మొహం మీదే చెప్తుంది, అవసరమైతే వదిలేసి వెళ్ళిపోతుంది. అతని మీద గౌరవం మెల్లిగా, అతను చేసిన పని చూశాక పుడుతుంది. ఈ మార్పు సరైందని నేను గట్టిగా అంటాను. పాత 99 మీద ప్రేమ ఉన్నవాళ్ళు దీన్ని అవమానం అనుకోకూడదు, ఆవిడ అప్పట్లో మింగుకున్న మాటలే ఈవిడ పైకి అంటోంది.

మీరు ఇంకోటి అడిగారు, 99 అసలు పేరేంటని. షోలో చివరిదాకా చెప్పలేదు. ఒక ఎపిసోడ్‌లో ఒక పేరు బయటికొస్తుంది కానీ అది తన పేరు కాదని ఆవిడే తేల్చేస్తుంది. నాలుగో సీజన్‌లో మ్యాక్స్‌ని పెళ్ళి చేసుకుంది, అయిదో సీజన్‌లో కవలలు పుట్టారు, అప్పటికీ మొగుడు ఆవిడని 99 అనే పిలుస్తాడు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: మేమంతా ఖలీ కోసం చూశాం. మనవాణ్ణి అంత పెద్ద సినిమాలో పెట్టి చివరికి మాటలు రాని రాక్షసుడిలా చూపించారని మా ఫ్రెండ్స్ అంటారు. మీరేమంటారు?

మీ ఫ్రెండ్స్‌ని ఇంకోసారి చూడమంటాను. ఖలీ అంటే దలీప్ సింగ్ రాణా, హిమాచల్ ప్రదేశ్ మనిషి, పంజాబ్ పోలీసుల్లో పనిచేసి కుస్తీలోకి వెళ్ళాడు, 2007లో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. సీగల్ అంతకుముందే 2005లో ‘ది లాంగెస్ట్ యార్డ్’లో ఆయనతో పనిచేయించాడు, కాబట్టి ఏడడుగుల మనిషిని ఎలా వాడుకోవాలో దర్శకుడికి తెలుసు. సినిమాలో ఆయన వేసిన సీగ్‌ఫ్రీడ్ అనుచరుడి పేరు కూడా దలీప్ అనే పెట్టారు.

నా లెక్కలో సినిమా మొత్తంలో గొప్ప ఆలోచన ఈ పాత్ర చుట్టూనే ఉంది. సినిమా మొదట్లో మ్యాక్స్ మీటింగులో చెప్తాడు: శత్రువులూ మనుషులేనని అర్థం చేసుకోనంతకాలం వాళ్ళని గెలవలేం, చెడ్డపనులు చెయ్యడం వాళ్ళ ఉద్యోగం, వాళ్ళంటే అంతే కాదు అని. అందరూ వినీ విననట్టు కూర్చుంటారు. తర్వాత దలీప్ మ్యాక్స్‌నీ 99నీ చంపడానికి వచ్చినప్పుడు, కొట్టి గెలిచే దారే లేదు, అప్పుడు మ్యాక్స్‌కి ఆ రహస్య టేపుల్లో విన్న మాటలు గుర్తొస్తాయి: ఈ మనిషికి పెళ్ళాంతో గొడవలున్నాయి. ఆ మాటే ఎత్తుతాడు, మంచిగా నాలుగు మాటలు చెప్తాడు. దలీప్ ఆగుతాడు. ఎవరూ చదవని రిపోర్టులు ప్రాణాలు నిలబెట్టాయి. ఆ తర్వాత, తనని అడుగడుగునా కించపరిచిన సీగ్‌ఫ్రీడ్‌ని వంతెన మీంచి నదిలోకి విసిరేసేది కూడా దలీపే. డైలాగులు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ విలన్‌ని శిక్షించే హక్కు హీరోకి కాకుండా ఆయనకి ఇచ్చారు. దాన్ని తక్కువగా చూడకండి.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: షూ ఫోన్, పాత కారు, షో మొదట్లో ఒకదాని వెనక ఒకటి తెరుచుకునే ఆ తలుపులు, ఇవన్నీ అభిమానులకి ఎర వెయ్యడానికి పెట్టినవే కదా? కథకి ఏమైనా పనికొచ్చాయా?

కొన్ని పనికొచ్చాయి, కొన్ని లేదు. షూ ఫోన్ సంగతి ముందు. పాత షో మొదటి ఎపిసోడ్ మొదలయ్యేదే దానితో. మ్యాక్స్ సంగీత కచేరీలో కూర్చుని ఉంటాడు, హాలంతా నిశ్శబ్దం, అంతలో ఆయన బూటు మోగుతుంది. జేబులో ఫోన్ పెట్టుకు తిరిగే రోజులు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు సంగతి ఇది. పక్కవాళ్ళు కొరకొరా చూస్తుంటే లేచి బయటికి పోయి, బూటు విప్పి, అడుగున ఉన్న డయల్ తిప్పాలి. ఈ రోజు సినిమా హాల్లో పక్కవాడి ఫోన్ మోగితే మనకి కలిగే చిరాకు ఆ ఎపిసోడ్‌లో అచ్చుగుద్దినట్టు ఉంది. సినిమాలో ఆ బూటుని, పాత సూటుని, ఎర్ర సన్‌బీమ్ టైగర్ కారుని మ్యూజియంలో పెట్టారు. అందరూ మ్యాక్స్‌ని ద్రోహి అనుకుని బంధించాక, తప్పించుకుని వాటినే తీసుకుని బయల్దేరతాడు. అది నాకు చాలా నచ్చింది, అప్పటిదాకా తన పద్ధతిలో వచ్చినవాడు సరిగ్గా ఏకాకి అయినప్పుడు ఆ పాత వస్తువులు అందుకున్నాడు. పైగా సినిమా క్లైమాక్స్ కూడా లాస్ ఏంజెలెస్‌లోని వాల్ట్ డిస్నీ కన్సర్ట్ హాల్లో, కచేరీ మధ్యలోనే.

కోన్ ఆఫ్ సైలెన్స్ మాత్రం షోలో ఉన్నంత బాగా సినిమాలో పండలేదు. రహస్యం మాట్లాడాలంటే చీఫ్ బల్ల మీదికి పైనుంచి ఒక ప్లాస్టిక్ గుమ్మటం దిగుతుంది, దాంట్లో తలలు పెట్టిన ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినబడదు, అరుచుకోవాల్సి వస్తుంది. చీఫ్‌కి అదంటే మంట, మ్యాక్స్ రూల్ ప్రకారం దించాల్సిందేనంటాడు. ఆ ప్లాస్టిక్ ముక్క కిర్రుమంటూ దిగడంలోనే సగం నవ్వుంది. సినిమాలో దాన్ని వెలుగులతో గ్రాఫిక్స్ చేశారు, అదీ పనిచెయ్యదు, కానీ అంత అందంగా ఉన్న వస్తువు పనిచెయ్యకపోతే నవ్వు రాదు.

చెట్టు తొర్రలో బిల్ మర్రేని చూసి ఎగిరి గంతేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. షోలో ఏజెంట్ 13 ఎప్పుడూ ఏ పోస్టుడబ్బాలోనో, లాకర్లోనో ఇరుక్కుని డ్యూటీ చేస్తుంటాడు, పాపం ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆయన చెట్టులో ఉండి కాస్త మాట్లాడిపొమ్మని బతిమాలతాడు. షోలో సీగ్‌ఫ్రీడ్‌గా వేసిన బెర్నీ కోపెల్ కూడా ఓపెల్ కారు నడిపే చిన్న వేషంలో కనిపిస్తారు. మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ ఇద్దరూ సలహాదారులుగా ఉన్నారు. ఎర అని మీరంటే అనండి, నాకు పాతవాళ్ళ మీద గౌరవంగానే కనిపించింది.

తిరుపతి నుంచి ఒక పాఠకుడు: ఇంతకంటే ఘోరంగా అభిమానులని బాధపెట్టిన సినిమా ఉందా?

ఉంది, 1996 నాటి ‘మిషన్ ఇంపాసిబుల్’. సినిమాగా బ్రహ్మాండంగా ఆడింది, కానీ టీవీ షోలో పీటర్ గ్రేవ్స్ ఏళ్ళ తరబడి వేసిన నాయకుడు జిమ్ ఫెల్ప్స్‌ని సినిమాలో ద్రోహిని చేశారు. షోలో నటించిన గ్రెగ్ మోరిస్ అయితే సినిమా సగంలో లేచి వచ్చేశారు. నమ్ముకున్న మనిషిని ఇలా చేస్తారా అన్న బాధ అది. 2002లో ‘ఐ స్పై’ ఇంకో రకం, పేర్లు ఉంచి మనుషులని మార్చేశారు, ఎవరికీ గుర్తుకూడా లేదు.

గెట్ స్మార్ట్‌లోనూ ఒక ద్రోహి ఉన్నాడు, డ్వేన్ జాన్సన్ వేసిన ఏజెంట్ 23. కానీ ఆ పాత్రని సినిమా కోసమే పుట్టించారు. అందరూ మెచ్చుకునే అందగాడు, మ్యాక్స్‌తో స్నేహంగా ఉండేవాడు, అతనే వెన్నుపోటు పొడిస్తే దెబ్బ తగులుతుంది గానీ పాత అభిమాని గుండెలో ఉన్నవాళ్ళెవరికీ మచ్చ పడలేదు. చీఫ్ చీఫ్‌లాగే మిగిలాడు, పైగా అలన్ ఆర్కిన్ చేతిలో ఆయన ఎంత బాగున్నాడో! రచయితలు ఈ జాగ్రత్త తీసుకున్నందుకు అభిమానులు వాళ్ళకి మంచి మార్కులే వెయ్యాలి.

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు: మన తెలుగులో ఇలాంటి వెర్రిబాగుల గూఢచారి సినిమా ఎందుకు రాలేదు?

ఒకరకంగా వచ్చింది. 1965-66లో ప్రపంచమంతా బాండ్ గాలి వీస్తున్నప్పుడే మనకి 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ వచ్చింది, అది కామెడీ కాదు, అచ్చంగా గూఢచారి సినిమా, జనం నీరాజనాలు పట్టారు. ఆ ధీమాని చూసి నవ్వడానికి మనకి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 1986లో జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’లో చిరంజీవి తనని తాను జేమ్స్‌పాండ్ అని చెప్పుకునే డిటెక్టివ్. అతను గూఢచారి కాదు, ప్రభుత్వంతో పని లేదు, కానీ తనమీద తనకున్న నమ్మకం చూస్తే మ్యాక్స్‌కి దూరపు చుట్టమే. ప్రభుత్వ రహస్య సంస్థనే ఆటపట్టించే కామెడీ మాత్రం మనవాళ్ళు మనసుపెట్టి తియ్యాలని నాకు ఎప్పట్నుంచో కోరిక.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు: రెండో భాగం ఎందుకు రాలేదు? సినిమా ఆడలేదా?

ఆడింది. 8 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచవ్యాప్తంగా 23 కోట్ల డాలర్లు దాటింది. విమర్శకులు మాత్రం రెండుగా చీలిపోయారు. రెండో భాగం మాట చాలాకాలం వినబడింది, తియ్యలేదు. కంట్రోల్‌లో పరికరాలు తయారుచేసే కుర్రాళ్ళు బ్రూస్, లాయిడ్‌లని హీరోలుగా పెట్టి ఒక చిన్న సినిమా తీసి, పెద్ద సినిమా విడుదలైన కొద్ది రోజులకే నేరుగా డీవీడీలో వదిలారు. చూడకపోయినా నష్టం లేదు.

డాలస్ నుంచి ఒక పాఠకురాలు: మా పిల్లలకి తొమ్మిది, పదమూడు. ముందు షో చూపించనా, సినిమానా? మావారు సినిమా అంటున్నారు.

షో చూపించండమ్మా. మొదటి ఎపిసోడ్ ఒక్కటే బ్లాక్ అండ్ వైట్, అది చూసి పిల్లలు మొహం తిప్పుకుంటే రెండోదానికి వెళ్ళిపోండి, అక్కణ్ణుంచి అంతా రంగుల్లోనే. ఒక్కొక్కటి అరగంట లోపే, భోజనాలయ్యాక ఒకటి చూడొచ్చు. హైమీ అనే రోబో వచ్చే ఎపిసోడ్లు చిన్నవాడికి బాగా నచ్చుతాయి, ఏ మాట చెప్తే ఆ మాట అక్షరాలా చేసేస్తాడు పాపం. సినిమాలో కొన్ని మోటు జోకులున్నాయి, అమెరికాలో దానికి పీజీ-13 ఇచ్చారు, కాబట్టి పెద్దవాడితో మీరిద్దరూ కూర్చుని చూడండి. చూస్తే మాత్రం మాస్కోలో విలన్ ఇంట్లో పార్టీ సీన్ దగ్గర ఫోన్లు పక్కన పెట్టమనండి. హాల్లో అందరూ నవ్వుతుంటే మ్యాక్స్ వెళ్ళి లావుగా ఉన్న ఒక అమ్మాయిని డాన్సుకి పిలుస్తాడు, ఆ తర్వాత వాళ్ళిద్దరూ చేసే డాన్సు అక్కడున్న అందరికంటే బాగుంటుంది. పదమూడేళ్ళవాడికి దాని గురించి మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు.